ఆవిడ రోజుకి కేకు ఎవరు తెప్పిస్తారు?

చెల్లీ, క్యాలెండర్లో ఖాళీ తేదీ అంటూ ఒక్కటైనా మిగిలిందంటావా? మన తిథులూ నక్షత్రాలూ చాలవన్నట్టు జనవరి చివరి సోమవారం బబుల్ ర్యాప్ రోజట. ఆ బుడగల ప్లాస్టిక్ కవరుని టపటపా పేల్చుకోవడానికి! మార్చి 14 ‘పై’ రోజు. మే 25న రచయిత డగ్లస్ ఆడమ్స్ అభిమానులు భుజాన తువ్వాలేసుకుని తిరుగుతారు. సెప్టెంబరు 19న సముద్రపు దొంగల యాసలో మాట్లాడాలట. ఏడాదిలో 256వ రోజు ప్రోగ్రామర్లది. ఎందుకా అంకె అని మీ టీములో ఎవరినీ అడక్కు, లంచ్ టైమంతా పోతుంది.

వాటిల్లో రెండు మాత్రం నాకు వేళాకోళంగా అనిపించవు. సిస్టమ్ అడ్మిన్‌లకి జులై చివరి శుక్రవారం, ఆఫీసు అడ్మిన్‌లకి ఏప్రిల్ చివరి పూర్తి వారంలో బుధవారం.

జులైది 2000లో మొదలైంది. ఒక ప్రింటర్ కంపెనీ ప్రకటనలో, కొత్త ప్రింటర్లు పెట్టించిన సిస్టమ్ అడ్మిన్‌కి ఉద్యోగులంతా పూలూ పళ్లబుట్టలూ పట్టుకొచ్చి థాంక్స్ చెప్తుంటారట. టెడ్ కెకాటోస్ అనే అమెరికా సిస్టమ్ అడ్మిన్ అది చూశాడు. తనూ ఆమధ్యే అవే ప్రింటర్లు పెట్టాడు గానీ పళ్లబుట్ట ఇచ్చినవాళ్లు లేరు. ఇంకేం, తమకంటూ ఒక రోజు ప్రకటించేశాడు.

2024 జులై 19 గుర్తుందా? శుక్రవారమే. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ల అప్‌డేట్ ఒకటి తప్పుగా రావడంతో ప్రపంచమంతా కంప్యూటర్లు నీలిరంగు తెర వేసుకుని కూర్చున్నాయి. మైక్రోసాఫ్ట్ లెక్కలోనే 85 లక్షలు. మన శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. హైదరాబాద్ నుంచి కలకత్తా వెళ్లే ఒక ప్రయాణికుడి పాస్ ఫొటో దేశమంతా చుట్టొచ్చింది. మనం ఆ ఫొటో ఫార్వర్డ్ చేసుకుని, ఇవాళ పని లేదోచ్ అని టీకి పోయాం. ఐటీ సపోర్ట్ కుర్రాళ్లకి మాత్రం చాలాచోట్ల ఒక్కొక్క లాప్‌టాప్‌నీ సేఫ్ మోడ్‌లోకి తెచ్చి, ఒక్క ఫైలు తీసేసి, మళ్లీ లేపడమే పని. డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి ఆ 48 అంకెలూ ఫోన్‌లో చదివి వినిపించాలి. మధ్యలో అవతలివాళ్లు “ఆగు భయ్యా, మళ్లీ చెప్పు” అంటే మొదటికొచ్చినట్టే. సరిగ్గా మరుసటి శుక్రవారమే వాళ్ల రోజు. ఎన్ని ఫ్లోర్లలో ఎవరికి గుర్తొచ్చిందంటావ్?

ఏప్రిల్ రోజు ఇంకా పాతది. 1952లో అమెరికాలో సెక్రటరీల వారంగా మొదలైంది. అప్పుడు జూన్‌లో జరిపారు, 1955లో ఏప్రిల్‌కి మార్చారు. ఆ ఉద్యోగంలోకి అమ్మాయిలు ఇంకా రావాలని చేసిన ప్రచారం కూడా అందులో ఉందిలే. తర్వాత పూలకొట్లకీ, గ్రీటింగ్ కార్డులవాళ్లకీ మంచి బేరమైంది. 1973లో బోస్టన్‌లో ఆఫీసు ఉద్యోగినులు ‘నైన్ టు ఫైవ్’ అని సంఘం పెట్టుకుని, గులాబీలు కాదు, జీతాలు పెంచండి అన్నారు. నా మాటా అదే.

మన నానక్‌రామ్‌గూడ నుంచి మాదాపూర్ దాకా ఏ టవరైనా తీసుకో. అడ్మిన్ అక్క కనపడేదెప్పుడు? ఏదైనా చెడిపోయినప్పుడు. ఆ మూల వాళ్లకి ఏసీ చలి, ఈ మూల వాళ్లకి ఉక్క. ఇద్దరి మెయిళ్లూ ఆవిడకే. కార్డు మర్చిపోతే టెంపరరీ కార్డు, క్లయింట్లొస్తే విజిటర్ పాసులు, రాత్రి క్యాబ్‌లో చివర దిగేది ఆడపిల్లయితే బండిలో గార్డు ఎక్కాడా లేదా అన్న వాకబు. 2020 మార్చిలో మనం లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఇంటికి పోయాం. తర్వాత మన మానిటర్లూ కుర్చీలూ వాటంతటవే నడిచి రాలేదు కదా!

బతుకమ్మప్పుడు చూడు. గుడిమల్కాపూర్ మార్కెట్‌కి తెల్లారకముందే మనిషిని పంపించి తంగేడూ గునుగూ బంతీ తెప్పించేది ఎవరు? తాంబాళం ఎంతుండాలో, గునుగు కాడలు ఎంత పొడుగు కోయాలో, ఒరిస్సా నుంచొచ్చిన పిల్లకి దగ్గరుండి చూపించేది ఎవరు? అందరం పట్టుచీరల్లో చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడతాం. ఆవిడ పక్కన నిలబడి ఫొటోలు తీస్తుంటుంది, ఇంకో చేతిలో స్నాక్స్ వెండర్ ఫోన్ మోగుతుంటుంది. దసరాకి ప్రింటర్లకీ సర్వర్లకీ క్యాబ్‌లకీ కుంకుమబొట్లు పెడతాం, ఆ కుంకుమ కొనుక్కొచ్చేదీ ఆవిడే. ఇక ఏప్రిల్ బుధవారం వచ్చిందనుకో, ఎవరో మేనేజరు ఉత్సాహపడి “కేక్ కట్ చేద్దాం, అడ్మిన్‌కి చెప్పండి” అంటారు. తన కేకుకి తనే ఆర్డరిచ్చి, తనే బిల్లు పెట్టుకుని, చివర్లో పేపర్ ప్లేట్లు కూడా తనే ఏరుకోవాలి. ఈ ముచ్చటకి ఆ రోజు జరపకపోవడమే నయం.

పైగా మన దగ్గర చాలా కంపెనీలకి ఏప్రిల్ అంటే అప్రైజల్ కాలం. మనం ‘ఎంత శాతం వచ్చింది’ అని గుసగుసలాడుకునే రోజులవి. చాలాచోట్ల హౌస్‌కీపింగ్, ప్యాంట్రీ, సెక్యూరిటీ, కొన్నిచోట్ల ఫ్రంట్ డెస్క్ కూడా కాంట్రాక్టు మనుషులు. వాళ్లకి జీతమిచ్చే కంపెనీ వేరు, మన అప్రైజల్ పట్టికలో వాళ్ల పేరే ఉండదు. వాళ్లకి గులాబీ ఇస్తే మొహమాటానికి నవ్వుతారు, అంతే.

అందుకే చెల్లీ, ఏప్రిల్ దాకా ఆగకు. రేటింగులు ఖాయమయ్యేది ముందే కాబట్టి ఫిబ్రవరిలోనే కూర్చుని ఒక మెయిల్ రాయి. ‘థాంక్యూ అడ్మిన్ టీమ్’ అని కాదు, పేరు పెట్టి రాయి. స్పెల్లింగ్ ఆవిడ కార్డు మీద చూసుకో. ఏ రోజు, ఏ పని, ఎవరి నెత్తి మీది గండం గట్టెక్కించిందో రెండు వాక్యాల్లో చెప్పు. ఆవిడ మేనేజరుకి పంపు, కాంట్రాక్టు మనిషయితే ఆ ఏజెన్సీ సూపర్‌వైజర్ని కూడా కాపీలో పెట్టు. ఐటీ సపోర్ట్ కుర్రాడికయితే నువ్వు మూసేసిన టికెట్ కింద ఫీడ్‌బ్యాక్ ఖాళీగా వదిలేశావు చూడు, ముందు అది నింపు. కేకంటావా, ఈసారి నువ్వు తెప్పించు, బిల్లు నీ పేరు మీద పెట్టుకో.