ముగ్గు, మాత్ర, యంత్రము

ఖమ్మము నుండి కొత్తగూడెము మీదుగా భద్రాచలమునకు పోవు త్రోవలో పాల్వంచ దాటిన పిదప అడవి దగ్గరపడును. సంక్రాంతి దినములలో ఆ త్రోవ ప్రక్క పల్లెల వాకిళ్ళను చూడవలెను. తెల్లవారకమునుపే ఇల్లాలు కళ్ళాపి చల్లి చుక్కలు పెట్టును. ఏమి ముగ్గు అని అడిగినచో ఆమె బొమ్మను వర్ణింపదు. “ఏడు చుక్కలు, సందుచుక్క నాలుగు వరకు, మెలికల ముగ్గు” అని మాత్రము చెప్పును. నడుమ ఏడు, ఇరువైపుల ఆరు, అయిదు, నాలుగు. వెరసి ముప్పదియేడు చుక్కలు. గీత చుక్కను తాకరాదు. చుట్టి చుట్టి మొదలైన చోటికే రావలెను. ఈ పాటి విన్న ఎదురింటి బాలిక తన వాకిట ముగ్గు వేయగలదు. ఆమెకు అందినది సూత్రము.

కంప్యూటరుతో చిత్రములను, సంగీతమును కల్పించువారు నేడు చేయుచున్న పని దాదాపు ఇట్టిదే. వారు బొమ్మను గీయరు. బొమ్మను పుట్టించు నియమమును వ్రాసి, దానిని మరల మరల నడుపుదురు. ఈ పోలిక నా ఊహ కాదు. మద్రాసు క్రైస్తవ కళాశాల పండితులగు గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి దంపతులు కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో ముగ్గులకు గణితరీతిని వ్యాకరణము కూర్చిరి. భాషకు వ్యాకరణమున్నట్లే ముగ్గునకును ఉండునని వారు చూపిరి. వాకిటిలో అడుగులక్రింద చెరిగిపోవు పిండిగీతలు అంతర్జాతీయ శాస్త్రపత్రికలోని కెక్కినవి!

ఇక సంగీతమునకు వత్తము. మీరు ఛందస్సులో గురులఘువులను నేర్చియున్నారు. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు. నాలుగు మాత్రలు నిండునట్లు వీనిని ఎన్ని విధముల కూర్పవచ్చును? కాగితము తీసికొని ప్రయత్నింపుడు. గగ, భ, జ, స, నల — అయిదే విధములు. కందపద్యమున వాడునవి ఈ అయిదు గణములే.

కందమున సగము పద్యమునకు ఎనిమిది గణములు. బేసి స్థానములలో జగణము రాకూడదు. కనుక ఆ నాలుగు చోట్ల ఒక్కొక్కదానికి నాలుగు దారులు. రెండవ, నాలుగవ చోట్ల అయిదేసి దారులు. ఆరవది నలము గాని జగణము గాని కావలెను. ఎనిమిదవది గురువుతో ముగియవలెను గనుక గగ గాని సగణము గాని. ఈ సంఖ్యల నన్నిటిని హెచ్చించినచో 25,600 వచ్చును. ఇన్ని నడకలు ఒక్క సగము పద్యమున దాగియున్నవి!

ఈ గణములను డోలుదెబ్బలుగా మార్చుట కష్టము కాదు. 1980ల దశాబ్దమున పారిస్ నగరమందలి ఇర్కాం సంస్థలో మిల్లర్ పకెట్ అను అమెరికా దేశస్థుడు మాక్స్ అను సాధనమునకు పునాది వేసెను. తరువాతి దశాబ్దమున ప్యూర్ డేటా అను ఉచిత సాధనమును రూపొందించెను. వీనియందు పొడవైన ఆజ్ఞలు వ్రాయ నక్కరలేదు. తెరమీద చిన్న పెట్టెలుండును. వానిని గీతలతో కలుపవలెను. ఒక పెట్టె గడియారమువలె కొట్టుకొనును. ఒకటి గణమును ఎన్నుకొనును. ఇంకొకటి ఆ గణమును ధ్వనిగా మార్చును. గీతను ఒక పెట్టె నుండి తీసి వేరొక పెట్టెకు తగిలించినచో నడక వెంటనే మారును. బాలురకు తగినది స్క్రాచ్. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ దానిని 2007లో లోకమునకు అందించెను. అందు ఆజ్ఞలు రంగుల దిమ్మెలవలె ఒకదానిలో ఒకటి ఇమిడిపోవును.

మాత్రకు పావు సెకను చొప్పున మన యంత్రము సగము కందమును ఎనిమిది సెకనులలో వాయించును. 25,600 నడకలును వినవలెనన్న రెండు పగళ్ళు, రెండు రాత్రులు దాటి ఇంకను ఎనిమిది గంటలకు పైగా పట్టును. అంతసేపు వినువా డెవడు? యంత్రము అలయదు; వినువాడు అలయును. అందులో చెవికి ఇంపైనవానిని ఏరుకొనుట మన వంతు. నా మట్టుకు, ఈ ఏరుకొనుటయే అసలు పని.

ఏరుకొనుటకు ముందు నియమము తెలియవలెను గదా! కందము నియమము లక్షణ గ్రంథములలో ఉన్నది. ముగ్గు నియమమును పండితులు వ్రాసిపెట్టిరి. కోయల డోలు సంగతి వేరు. కొమ్ముల కిరీటములు ధరించి డోళ్ళు వాయించుచు కోయలు ఆడునప్పుడు, ఆడువారి అడుగును బట్టి వాయించువాని చేయి మారును. అది వినికిడిచే వచ్చిన విద్య. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారు సమ్మక్క సారలమ్మల కథను డోలుతో పాడెడివారు, 2022లో పద్మశ్రీ బిరుదము నొందిరి, 2024లో కన్నుమూసిరి. ఏ ఘట్టమున ఏ దెబ్బ నిలుపవలెనో ఆయన చేతికి తెలియును.

అట్టి చేతి నియమమునకు తెరమీద ఒక పెట్టె చేయదలచువాడు ముందు డోలు పట్టిన పెద్దల చెంత కూర్చుండవలెను. ఏ దెబ్బ పెండ్లికి, ఏది వేల్పుల కొలుపునకు, ఏది బయట వినిపింపరానిది అని అడుగవలెను. వారు కూడదన్న దెబ్బకు పెట్టె ఉండరాదు.