మిద్దెకు పిట్టగోడ

పాఠ్యభాగము: ద్వితీయోపదేశకాండము 22:8



క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది. అది లేక ఎవరైన పడినచో, దోషము కట్టినవానికిని చుట్టుకొనునని దీని భావము. ఈ ఆజ్ఞ ఇండ్లకే గాక వంతెనలకును వర్తించునని మేము తలంచుచున్నాము.

అమెరికా దేశమందలి శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున గోల్డెన్ గేట్ అను గొప్ప వంతెన 1937లో తెరువబడెను. నిరాశలో మునిగిన అనేకులు అచ్చట ప్రాణములు తీసికొనిరి. అడ్డు కట్టుడని వారి కుటుంబములవారు ఏండ్ల తరబడి మొఱపెట్టిరి. అందము చెడునని కొందరు, ఖర్చు ఎక్కువని కొందరు, చావదలచినవాడు మఱియొక చోటికి పోవునుగదా యని మఱికొందరు ఆక్షేపించిరి.

ఈ మూడవ మాట నిజమా? రిచర్డ్ సైడెన్ అను పండితుడు 1937 మొదలు 1971 వరకు ఆ వంతెనపై ఆపబడిన 515 మందినిగూర్చి విచారించి, 1978లో ఫలితమును ప్రకటించెను. వారిలో నూటికి సుమారు 94 మంది అప్పటికి బ్రదికియుండిరి, లేక సహజ మరణము నొందియుండిరి. కాబట్టి చావు తలంపు తరచుగా గాలివానవలె వచ్చి దాటిపోవునది. ఆ గడియ దాటించుటయే అడ్డు చేయు పని. ఇంగ్లండులోని క్లిఫ్టన్ వంతెనయు ఇందుకు నిదర్శనము. 1998లో కంచె వేసిన తరువాత అక్కడి మరణములు సగమునకు తగ్గెను.

తుదకు 2014లో గోల్డెన్ గేట్ పాలకులు ధనము కేటాయించిరి. నడకదారికి 20 అడుగుల దిగువను ఉక్కు వల 2024 జనవరికి పూర్తియాయెను. ఈలోగా ఎన్ని ఇండ్లు దుఃఖపడెనో!

ఫిలిప్పీ చెరసాల నాయకుడు కత్తి దూసినప్పుడు పౌలు అతని పాపమును ఎత్తిచూపలేదు. మొదట కేకవేసి అతని చేయి ఆపెను. రక్షణ వాక్యము ఆ తరువాత బోధించెను (అపొ. కార్య. 16).

మన ఊళ్లలో అంత గొప్ప వంతెనలు లేవు. అయినను గట్టులేని బావియు, చూరున చెక్కిన పురుగుల మందును మనకు పిట్టగోడ లేని మిద్దెలే. మందును పెట్టెలో నుంచి తాళము వేయుడి. దుఃఖములో నున్నవారిని ఒంటరిగా విడువకుడి. చావు తలంపు కలుగుచున్నదా యని ప్రేమతో అడుగుడి. అడిగినందున ఆ తలంపు పుట్టదు. ప్రభుత్వమువారి టెలి మానస్ నంబరు 14416కు రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును.

పొరుగువాని ప్రాణమునకు పిట్టగోడ కట్టు మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.