అమెరికా యుద్ధము – మన ప్రత్తి రైతు

మన సంఘపు రాత్రి పాఠశాలలో చరిత్రయు, అర్థశాస్త్రమును, లోకవార్తలును చెప్ప నారంభించినప్పుడు కొందఱు సభ్యులు "ఎరువుల సంగతి చెప్పుడు, పురుగుల సంగతి చెప్పుడు, ఎక్కడివో యుద్ధములతో మాకేమి పని?" అని యడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. రాజుల పేర్లును, పట్టాభిషేక సంవత్సరములును వల్లెవేయించు చరిత్ర రైతునకు ఎందులకును పనికిరాదు. కాని తాను పండించిన పంటకు ధర యెక్కడ పుట్టుచున్నదో తెలుపు చరిత్ర వేఱు. అట్టి పాఠమొకటి ఈ నెల వ్రాయుచున్నాము.

1860వ సంవత్సరము నాటికి ఇంగ్లండులోని లాంకషైరు జిల్లా నూలు మిల్లులు లోకములో అనేక దేశములకు బట్ట నందించుచుండెను. ఆ మిల్లులకు కావలసిన ప్రత్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు అమెరికా దక్షిణ రాష్ట్రములనుండి వచ్చెడిది. అచ్చట దానిని నల్లజాతి బానిసలచేత పండించెడివారు. 1861 ఏప్రిలులో బానిసత్వమును గూర్చిన తగవు ముదిరి, ఉత్తర దక్షిణ రాష్ట్రములకు యుద్ధము సంభవించెను. అధ్యక్షుడగు అబ్రహాము లింకను దక్షిణపు రేవులను ఓడలతో దిగ్బంధము చేయ నాజ్ఞాపించెను. ప్రత్తి బేళ్లు ఓడ యెక్కలేదు.

ఇచ్చట నొక సంగతి గమనింపవలెను. యుద్ధము మొదలైన వెంటనే ధర ఆకాశమున కెగురలేదు. అంతకు ముందటి పంటలు విస్తారముగా నుండుటచే మిల్లుల గిడ్డంగులలో సరకు నిండియుండెను. అది తరిగిన తరువాతనే, అనగా 1862లో, కఱవు తెలిసివచ్చెను. కారణమునకును ధరకును నడుమ ఇట్టి యెడము తఱచుగా నుండును. వర్తకుడు ఆ యెడములోనే బేరము చేసికొనును. రైతునకు వార్త చేరుసరికి ఆ యెడము గడచిపోవును.

1862 చివరకు లాంకషైరులో సుమారు 5 లక్షలమంది పనిలేక ధర్మపు సహాయముమీద బ్రదుకుచుండిరి. అయినను ఆ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన మాంచెస్టరు నగరమున కార్మికులు సభచేసి, బానిసల విముక్తికి తాము అనుకూలురమని లింకనునకు వ్రాసిరి. ఆయన మఱుసటి నెలలో వారికి ప్రత్యుత్తర మిచ్చెను. కడుపు కాలుచున్నను పరుల సంకెల తెగవలెనని కోరిన ఆ నేతపనివారియందు మాకు మిక్కిలి గౌరవము కలదు. మన సహకార ఉద్యమమునకు పునాది వేసిన రాచ్‌డేలు దుకాణము, 1844లో స్థాపింపబడినది, ఆ జిల్లాలోనిదే. ఈ కఱవును తట్టుకొని అది నిలిచెను.

ఇక మన దేశము సంగతి. అమెరికా ప్రత్తి నిలిచిపోగా ఇంగ్లండు వర్తకులు హిందూదేశము వంక తిరిగిరి. మన ప్రత్తి పింజ పొట్టిది. మిల్లులవారికి రుచించినది కాదు. అయినను వేఱు గతిలేక కొనిరి. లివర్‌పూలులో ధర యుద్ధమునకు ముందున్నదానికి కొన్ని రెట్లు పెరిగెను. బొంబాయిలో ధనము వఱదవలె వచ్చిపడెను. సముద్రమును పూడ్చి నేల చేయుదుమను కంపెనీల వాటాలను జనులు ఎగబడి కొనిరి. గుంటూరు ప్రాంతపు ప్రత్తి కాకినాడ రేవునుండి ఎగుమతి యగుచుండుటచే ఆ రేవు వ్యాపారమును పెరిగెను. నేటికిని ముసలి వర్తకులు ఆ రకమును కోకనాడ ప్రత్తి యనుటకు మూలమిదే.

దక్కను గ్రామములలో సాహుకార్లు అడిగినదే తడవుగా అప్పులిచ్చిరి. ఎకరము ప్రత్తి వేసినచో నూఱు రూపాయల బయానా యిచ్చుట కలదు. ఇన్నాళ్లు వాకిట నిలువనీయని సాహుకారు తానే రైతు వాకిటికి వచ్చినప్పుడు, ఎందులకు వచ్చెనని అడిగినవారు కొలదిమంది. ధర పెరిగినదను వార్త పల్లెకు చేరెను. ఎందులకు పెరిగినదో ఆ సంగతి చేరలేదు. రేవులు తెఱచినచో ఈ ధర యుండదని లివర్‌పూలు దళారికి తెలియును, బొంబాయి సేటుకును కొంత తెలియును. నాగలి పట్టినవానికి తెలియదు. మేము ఈ పాఠము చెప్పుట ఈ యొక్క మాట కొఱకే.

1865 ఏప్రిలులో దక్షిణపు సేనాని లీ లొంగిపోయెను. ధరలు పడిపోయెను. బొంబాయి వాటాలు చిత్తుకాగితములయ్యెను. బొంబాయి బ్యాంకు 1868లో మూతపడెను. ఈజిప్టు దేశముకూడ ప్రత్తి ధనమును నమ్మి అప్పులలో దిగి 1876లో చెల్లింపులు నిలిపివేసెను. రైతు గతి యేమైనదో లెక్కవేసి చూతము. ఈ అంకెలు మేము పాఠముకొఱకు కల్పించుకొన్నవి.

ఒక రైతు మంచి ధర నాటికి ఏడాదికి 400 రూపాయల ప్రత్తి అమ్మువాడు. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి 300 రూపాయలు తెచ్చినాడు. ఏటికి వడ్డీ 72 రూపాయలు. 400లో అది అయిదవ వంతు కూడ కాదు. బరువనిపించదు. ధర పడిపోయి అదే పంట 150 రూపాయలే తెచ్చినది. వడ్డీ మాత్రము 72 రూపాయలే. అనగా పంటలో దాదాపు సగము. అతడు మూడేండ్లు ఏమియు కట్టలేకపోయిన, 216 రూపాయల వడ్డీని అసలులో కలిపి 516 రూపాయలకు క్రొత్త పత్రము వ్రాయించుకొందురు. ఇక ఏటికి వడ్డీ సుమారు 124 రూపాయలు. మఱి మూడేండ్లకు పత్రము 887 రూపాయలు దాటును. ఏటి వడ్డీ 213 రూపాయలగును. పంట 150. నేల అదే, ఎద్దులు అవే, రైతు కష్టమును అదే. ధర దిగినది గాని పత్రము దిగలేదు.

మూడేండ్లని మేము ఊరక చెప్పలేదు. పత్రమునకు మూడేండ్లే చెల్లుబాటని 1859లో చట్టము చేసిరి. వడ్డీ పేరుకొనకుండ రైతును కాపాడవలెనని తలచి చేసినదే. సాహుకారు మూడేండ్లకొకసారి వడ్డీని అసలుచేసి క్రొత్త పత్రము వ్రాయించుకొనుటకు అది సాధనమయ్యెను. దీనికితోడు 1867 మొదలు దక్కనులో భూమిశిస్తును కొన్నిచోట్ల నూటికి 50 మొదలు 100 వఱకు పెంచిరి. అప్పు పుట్టుట నిలిచిపోయిన కాలమున శిస్తు పెరిగెను. 1875 మే 12వ తేదీన పూనా జిల్లా సూపా గ్రామపు సంతలో రైతులు సాహుకార్లపై తిరుగబడిరి. వారు ముఖ్యముగా వెదకినది ధనము కాదు, లెక్కల పుస్తకములును అప్పు పత్రములును. వానిని తెచ్చి తగులబెట్టిరి. అల్లరి అహమ్మదునగరు జిల్లాకును ప్రాకెను. విచారణ సంఘమువారు జరిపిన విచారణలో, 100 రూపాయల అప్పునకు 2,000 రూపాయలకు మించి వడ్డీ గట్టిన ఉదాహరణము బయటపడెను. 1879లో దక్కను రైతుల రక్షణ చట్టము వచ్చెను. సహకార పరపతి సంఘముల చట్టము 1904 వఱకు రాలేదు. జర్మనీలో రైఫైజను మహాశయుడు హెడ్డెస్‌డార్ఫున రైతుల పరపతి సంఘమును స్థాపించినది 1864లో, మన రైతు బయానాలు పుచ్చుకొనుచున్న నాటనే.

ఇది పాత కథయని కొందఱందురు. 2011 మార్చిలో న్యూయార్కు వాయిదా బజారులో ప్రత్తి పౌను ధర రెండు డాలర్లు దాటెను. అంతకు ముందేడు పాకిస్తానులో వఱదలు వచ్చెను, నిల్వలు తక్కువగా నుండెను, చీనాలో గిరాకి హెచ్చుగా నుండెను, మన ప్రభుత్వము ఎగుమతులకు హద్దు పెట్టెను. ఆ సంవత్సరాంతమునకే ధర ఒక డాలరునకు లోబడెను. పై ధర చూచి కౌలునకు నేల హెచ్చు పుచ్చుకొన్నవారు కోతనాటికి క్రింది ధరకు అమ్ముకొనవలసివచ్చినది.

కావున ధర పెరిగినప్పుడు సభ్యులు ముందుగా అడుగవలసినది, ఎంత పెరిగినదని కాదు, ఏల పెరిగినదని. యుద్ధము, వఱద, ఎగుమతి యానతి, ఇట్టివి కారణములైనచో అవి తొలగునాడు ధరయు తొలగును. అట్టి యేడు వచ్చిన హెచ్చు సొమ్ముతో పాత అప్పు తీర్చుకొనవచ్చును. దానిని చూపి క్రొత్త అప్పు తేరాదు. అప్పు దరఖాస్తులో ఆదాయము వ్రాయునప్పుడు ప్రభుత్వము ప్రకటించు మద్దతు ధరనే లెక్కకు తీసికొనవలెనని మా అభిప్రాయము. అది తక్కువయని కొందఱు కార్యవర్గ సభ్యులు వాదించుచున్నారు. వారి వాదమును వచ్చు సభలో విందుము.

రాబోవు పాఠమునకు వచ్చువారు మార్కెట్టు యార్డులో తమకిచ్చిన గత అయిదేండ్ల అమ్మకపు చీటీలు వెంట తీసికొని రాగోరుచున్నాము. వానిలోని ధరలను బల్లపై వరుసగా వ్రాసి, ఏ యేట ఎందులకు పెరిగెనో, ఎందులకు తగ్గెనో ఒక్కొక్కటిగా చూతము.