నోటి కేన్సర్: చికిత్స తరువాత రిగ్రెషన్ టెస్టింగ్

మన వృత్తిలో ఒక బగ్ సరిచేసి ప్రొడక్షన్‌కి పంపగానే పని అయిపోయిందనుకోము. అది మళ్ళీ తలెత్తిందేమో, ఆ పక్కన ఇంకేమైనా చెడిందేమో అని పరీక్షిస్తాం. అదే రిగ్రెషన్ టెస్టింగ్. నోటి కేన్సర్ చికిత్స పూర్తయినవాళ్ళ విషయంలోనూ ఈ పని తప్పదు. కానీ ఇళ్ళల్లో "ఆపరేషన్ అయిపోయింది, దేవుడి దయ" అనుకుని ఊరుకుంటాం. నేనూ అలాగే ఊరుకున్నాను.

మా పెద్దమ్మది శ్రీకాకుళం జిల్లా. ఆ తీరప్రాంతపు ఆడవాళ్ళు చాలామందిలాగే ఆవిడకీ అడ్డచుట్ట అలవాటు. అంటే నిప్పు వున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చటం. దానివల్ల ముఖ్యంగా దెబ్బతినేది అంగిలి. ఆవిడకి కేన్సర్ అక్కడే వచ్చింది. ఆపరేషనూ, రేడియేషనూ అయ్యాయి. ఏడాది తరువాత ఒక శనివారం ఫోన్లో, "పళ్ళసెట్టు సరిగ్గా కూర్చోవట్లేదురా" అంది. "డెంటిస్టు దగ్గర సరిచేయించుకో పెద్దమ్మా, డబ్బులు పంపిస్తాను" అన్నాను. సెట్టు రెండుసార్లు అరగదీయించారు. అంగిలి మీద మళ్ళీ కణితి పెరుగుతోందని తెలిసేసరికి మూడు నెలలు గడిచిపోయాయి.

ఎందుకు తిరగబెడుతుంది?

కంటికి కనబడని కేన్సర్ కణాలు మిగిలిపోవటం ఒక కారణం. రెండోది 1953లో స్లాటర్ బృందం వివరించిన "ఫీల్డ్ కేన్సరైజేషన్". ఏళ్ళ తరబడి పొగాకు తగిలిన నోటిలో చుట్టుపక్కల పొర కూడా మారిపోయి వుంటుంది. అందుకే కణితి తీసిన చోటే కాక వేరేచోట కొత్తది పుట్టవచ్చు. తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్ళలోనే బయటపడతాయి. ఆ రోజుల్లో చెకప్‌లు దగ్గర దగ్గరగా పెట్టేది ఇందుకే. బాగానే వుంది కదా అని ఒక్కటి కూడా మానకూడదు.

ఫోన్లో ఏమడగాలి?

"ఎలా వుంది?" అంటే "బాగానే వుంది" అనే జవాబే వస్తుంది. విడివిడిగా అడగండి:

1. మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ వున్నాయా? ఎర్రమచ్చని మరీ తేలిగ్గా తీసుకోకూడదు.
2. మెడలోగాని, దవడ కిందగాని గడ్డ తగులుతోందా?
3. పన్ను కదులుతోందా? కట్టుడు పళ్ళు సరిగ్గా పట్టటం లేదా?
4. పెదవి, గడ్డం, నాలుక మొద్దుబారాయా?
5. ఒకవైపు చెవిలోనే నొప్పి వస్తోందా?
6. మింగటం కష్టమైందా? గొంతు మారిందా? నోట్లోంచి రక్తం వస్తోందా? బరువు తగ్గారా?

రేడియేషన్ తరువాత నోరు ఎండిపోవటం, దవడ బిగుసుకోవటం మామూలే. అసలు లక్షణం వాటి మాటున దాక్కుంటుంది. కాబట్టి చికిత్స ముగిసి నోరు కుదుటపడ్డాక వున్న స్థితిని బేస్‌లైన్ అనుకోండి. దానికి భిన్నంగా కొత్తగా ఏది వచ్చినా, రెండు వారాల్లో తగ్గకపోతే కేన్సర్ డాక్టరుకి చూపించాలి. మెడలో గడ్డ తగిలితే ఆ రెండు వారాలు కూడా ఆగొద్దు. నొప్పి లేదుకదా అనుకోవద్దు, తొలిదశలో తరచు నొప్పే వుండదు.

నెలకోసారి, ఒకే వెలుతురులో, ఒకే కోణంలో ఫోటోలు తీయించి తేదీతో దాచండి. అయితే ఫోటో లాగ్ ఫైలు లాంటిది మాత్రమే. మెడలో గడ్డని అది చూపించలేదు. నిర్ధారణ చేసేది డాక్టరు పరీక్ష, అవసరమైతే బయాప్సీ.

పెద్దమ్మకి రెండో ఆపరేషన్ అయింది. మాట ముద్దగా వస్తుంది. ఇప్పుడు ప్రతి శనివారం ఆరు ప్రశ్నలూ అడుగుతాను. "పరీక్ష మొదలెట్టావా?" అని విసుక్కుంటూనే అన్నిటికీ జవాబు చెబుతుంది.