పాల బిల్లు పుస్తకం

పెద్దతిప్పసముద్రం



మునిగిపోయే పెద్ద కంపెనీని సర్కారు ఆదుకోవాలా అని మీ కాలేజీలో చర్చ పెట్టారనీ, నువ్వు ‘వద్దు’ అనే పక్షాన మాట్లాడుతున్నావనీ రాశావు. మునిగితేనే బుద్ధొస్తుందని నీ వాదం. బుద్ధి రావాల్సింది ఎవరికి, దెబ్బ తగిలేది ఎవరికి? ముందు అది తేల్చుకో తల్లీ.

మన చెక్కపెట్టెలో పాత పాల బిల్లు పుస్తకం ఉంది. చివరి పేజీలో పూటపూటకూ లీటర్లు, వెన్న శాతం రాసున్నాయి. డబ్బు ముట్టినట్టు సంతకం లేదు. అదొక ప్రైవేటు డెయిరీ, పేరెందుకులే. మూడు బిల్లులు బాకీ ఉండగా ఒకరోజు పొద్దున వ్యాను రాలేదు. క్యాన్లు వరసగా పెట్టుకుని ఎండెక్కేదాకా నిలబడ్డాం. వ్యాను రాలేదని ఆవు పాలాపదు కదా! సాయంత్రం మళ్లీ పితకాల్సిందే. మీ అవ్వ ఉన్న గిన్నెలన్నిటిలోనూ పాలు తోడేసింది. దాణా అంగడి బాకీ తీర్చడానికి నాకు ఏడాది పట్టింది.

అందుకే సత్యం కంప్యూటర్స్ సంగతి నువ్వు బాగా చదవాలి. 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజు లెక్కల్లో వేల కోట్లు తారుమారు చేశానని తనే లేఖ రాశాడు. 50 వేల పైచిలుకు ఉద్యోగుల బతుకు గాల్లో దీపమైంది. కేంద్రం నాలుగు రోజుల్లోనే పాత బోర్డును పక్కనపెట్టి దీపక్ పారేఖ్, కిరణ్ కార్నిక్, అచ్యుతన్‌లను కూర్చోబెట్టింది. ఖజానా నుంచి డబ్బు గుమ్మరించలేదు. జీతాలకు బ్యాంకుల అప్పు దొరికింది. ఏప్రిల్‌లో వేలం పెడితే టెక్ మహీంద్రా షేరు 58 రూపాయలకు గెలుచుకుంది. కంపెనీ నిలిచింది, రాజుకు 2015లో ఏడేళ్ల శిక్ష పడింది. పనిని కాపాడి, తప్పు చేసినవాణ్ని వదలకపోవడం! నాకు నచ్చింది అదే.

మన చిత్తూరు సహకార డెయిరీ చూడు. 2002లో మూతపడితే, అమూల్‌కు అప్పగించి భూమిపూజ చేసేసరికి 2023 వచ్చింది. అప్పటికి ఆ పాల రైతుల పిల్లలే నడివయసుకొచ్చారు. సత్యానికి పట్టిన మూడు నెలలెక్కడ, దీనికి పట్టిన ఇరవై ఏళ్లెక్కడ!

అలాగని డబ్బే ఇవ్వొద్దని కాదు. విశాఖ ఉక్కుకు 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్లు ప్రకటించినప్పుడు సంతోషించాను. కానీ ఆ కర్మాగారానికి సొంత ఇనుప గనుల్లేవు, ఖనిజమంతా కొనుక్కోవాల్సిందే. ఆ చిల్లి పూడ్చకుండా ఎన్ని కడవలు పోస్తే నిలుస్తాయి?

కాబట్టి ‘వద్దు’ అనే ముందు ఎవరిని వద్దంటున్నావో చెప్పు. యజమానినా? నేనూ నీ పక్షమే. క్యాను పట్టుకుని నిలబడ్డవాణ్నా? అయితే నాకు జవాబు చెప్పు.

పైవారం టమాటా వేసుకుని మదనపల్లె మార్కెట్‌కు వస్తున్నాను. పుస్తకం తెస్తాను, చివరి పేజీ చూద్దువుగానీ.

మీ తాత