లెక్కల క్లాసులో కత్తెర, పాచికలు ఎందుకు?



పేరెంట్స్ మీటింగ్‌లో లెక్కల టీచర్లకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "నిన్న మా అమ్మాయి నోట్స్‌లో ఒక్క సమ్ కూడా లేదు. అడిగితే కాగితాలు కత్తిరించామంది. ఇలా అయితే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?" పదో తరగతి పరీక్షలను దృష్టిలో పెట్టుకున్న తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్నే ఇది. "పిల్లలకు సరదాగా ఉంటుందండీ" అన్న జవాబు దీనికి సరిపోదు. సరదా కోసమే అయితే గేమ్స్ పీరియడ్ ఉంది కదా!

అందుకే ఈ నెల 8, 9, 10 తరగతుల్లో చేయించే మూడు యాక్టివిటీలను వివరంగా చెబుతాను. వాటిలో పిల్లలు ఏం చేస్తారు, ఎక్కడ పొరబడతారు, ఆ పొరపాటు ఎలా సరవుతుంది అన్నది మీరే చూడండి.

1. ఎనిమిదో తరగతి: కత్తిరిస్తే కనిపించే 2ఏబీ

(ఏ + బీ)² = ఏ² + 2ఏబీ + బీ². ఈ ఫార్ములాను నిద్రలో లేపి అడిగినా చెప్పే పిల్లలున్నారు. అయినా పరీక్షలో ఏ² + బీ² అని రాసి వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు. మధ్యలో ఉన్న 2ఏబీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా బట్టీ పడితే, తొందరలో ముందుగా జారిపోయేది అదే.

క్లాసులో మొదట ఒక చిన్న ప్రశ్న వేస్తాం. 3, 4 కలిపి వర్గం చేస్తే ఎంత? 9 + 16 = 25 అని కొందరు, 49 అని కొందరు అంటారు. రెండు జవాబులూ బోర్డు మీద రాస్తాం. ఏది తప్పో అప్పుడే చెప్పం.

తర్వాత ఒక్కొక్కరూ గ్రాఫ్ పేపర్ మీద 7 గడుల పొడవు, 7 గడుల వెడల్పు ఉన్న చతురస్రం గీస్తారు. రెండు వైపులా 3 గడుల దగ్గర గుర్తు పెట్టి, గీతలు గీసి కత్తిరిస్తారు. నాలుగు ముక్కలొస్తాయి. ఒకటి 9 గడులు, ఒకటి 16 గడులు. మిగిలిన రెండూ 3 × 4 దీర్ఘచతురస్రాలు, ఒక్కోటి 12 గడులు. అన్నీ కలిపితే 49. 25 అన్న పిల్లలకు తాము వదిలేసిన 24 గడులు చేతిలోనే కనిపిస్తాయి. 2ఏబీ అంటే ఆ రెండు ముక్కలే.

మర్నాడు అదే కొలతతో ఇంకో చతురస్రం తీసుకుని, ఒక మూల నుంచి 3 × 3 ముక్క తీసేయమంటాం. మిగిలిన దాన్ని ఒక్కసారి కత్తిరించి, తిప్పి అతికిస్తే 10 × 4 దీర్ఘచతురస్రం తయారవుతుంది. 10 అంటే 7 + 3, 4 అంటే 7 – 3. ఏ² – బీ² ఫార్ములా అక్కడే ఉంది.

ఇక్కడ టీచర్ ఒక జాగ్రత్త తీసుకోవాలి. 3, 4 విషయంలో నిజమైనంత మాత్రాన అన్ని సంఖ్యలకూ నిజమని తేలిపోదు. కాబట్టి అదే బొమ్మ మీద 3 బదులు ఏ, 4 బదులు బీ అని రాయించి, ఆ పక్కనే (ఏ + బీ)ని (ఏ + బీ)తో స్టెప్ బై స్టెప్ గుణించమంటాం. కారణం కాగితంలో కనిపిస్తుంది, రుజువు ఆల్జీబ్రాలో దొరుకుతుంది. నోట్స్‌లో రెండూ పక్కపక్కన ఉండాలి.

2. తొమ్మిది, పది తరగతులు: పాచికలతో గుర్రాల పరుగు

ప్రాబబిలిటీ పాఠానికి ఇది చాలా బాగా పనికొస్తుంది. బోర్డు మీద 2 నుంచి 12 వరకు పదకొండు గుర్రాలు. ఒక్కో జట్టు ఒక్కో గుర్రాన్ని ఎంచుకుంటుంది. రెండు పాచికలు వేసి, వచ్చిన మొత్తం ఎంతో ఆ నంబరు గుర్రాన్ని ఒక అడుగు ముందుకు జరుపుతాం. ముందుగా పది అడుగులు వేసిన గుర్రం గెలిచినట్టు.

మొదటి ఆటలో పిల్లలు పుట్టిన తేదీ, లక్కీ నంబరు చూసుకుని గుర్రాన్ని ఎంచుకుంటారు. రెండు ఆటలు అయ్యేసరికి మధ్యలో ఉన్న 6, 7, 8 సాధారణంగా ముందుకెళుతుంటాయి, 2, 12 మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఎందుకని వాళ్లే అడగడం మొదలుపెడతారు. అప్పుడు 6 అడ్డవరుసలు, 6 నిలువు వరుసలతో పట్టిక గీయిస్తాం. మొత్తం 36 అవకాశాలు. 7 రావడానికి ఆరు దారులున్నాయి. 2కు ఒక్కటే, 12కూ ఒక్కటే.

ఈ పాఠంలో పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు (3, 4), (4, 3) రెండూ ఒకటే అనుకోవడం. అలా లెక్కిస్తే 36కు బదులు 21 అవకాశాలే వస్తాయి. ఒక పాచిక ఎరుపు, ఇంకోటి నీలం రంగువి ఇస్తే ఈ పొరపాటు దాదాపు పోతుంది. ఎరుపు 3, నీలం 4 వేరు; ఎరుపు 4, నీలం 3 వేరు అని కంటికే తెలుస్తుంది.

మూడో ఆటలో అందరికీ 7 కావాలి. ఒక్కోసారి ఆ ఆటలో 6 గానీ 8 గానీ గెలిచేస్తుంది. "మేడమ్, మన లెక్క తప్పిందా?" అని అడుగుతారు. ఈ పాఠం మొత్తంలో అతి విలువైన ప్రశ్న ఇదే. లెక్క తప్పలేదు. ప్రాబబిలిటీ ఒక్క ఆట ఫలితాన్ని ముందే చెప్పదు. ఆటలు వందలు, వేలు అయినకొద్దీ ఏ నంబరు ఎంత వంతు వస్తుందో చెబుతుంది.

మన ఇళ్లలో ఆడే అష్టాచెమ్మాలో ఇంకో పాఠం ఉంది. నాణేనికి రెండు వైపులూ సమానమే కాబట్టి బొమ్మ పడే అవకాశం 1/2 అని కూర్చున్నచోటే చెప్పొచ్చు. గవ్వకు రెండు వైపులూ ఒకేలా ఉండవు. అది వెల్లకిలా పడే అవకాశం ఎంతో తెలియాలంటే వందసార్లు వేసి లెక్కపెట్టడమే మార్గం. పుస్తకంలో థియరిటికల్, ఎక్స్‌పెరిమెంటల్ అని రెండు పేర్లు ఎందుకున్నాయో గవ్వలు వేసిన పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

3. పదో తరగతి: జెండా కర్ర ఎత్తు ఎంత?

ట్రిగనామెట్రీ చదివిన పిల్లలు సైన్, కాస్, టాన్ విలువల పట్టికను తడుముకోకుండా రాస్తారు. "ఎలివేషన్ కోణం" ఎక్కడుందో బొమ్మలో గుర్తించమంటే మాత్రం ఆగిపోతారు. అందుకని ఒక పీరియడ్ గ్రౌండ్‌లో జరుగుతుంది.

జామెట్రీ బాక్స్‌లోని కోణమానిని తలకిందులుగా పట్టుకుని, దాని తిన్నటి అంచుకు ఒక స్ట్రా అతికిస్తారు. మధ్య బిందువు నుంచి దారం కట్టి చివర ఒక నట్టు వేలాడదీస్తారు. క్లైనోమీటర్ సిద్ధం! స్ట్రాలోంచి జెండా కర్ర చివర చూస్తే, దారం 90 నుంచి ఎంత పక్కకు జరిగిందో అదే ఎలివేషన్ కోణం. దారం 50 దగ్గర ఉంటే కోణం 40 డిగ్రీలు.

కర్ర మొదలు నుంచి 10 మీటర్ల దూరంలో నిలబడితే కోణం 45° వచ్చిందనుకుందాం. టాన్ 45° = 1 కాబట్టి ఎత్తు 10 మీటర్లు అని చాలామంది రాసేస్తారు. చూసిన కన్ను నేల మీద లేదు కదా! కన్ను 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే అసలు జవాబు 11.5 మీటర్లు. "1.5 మీటర్ల ఎత్తున్న పరిశీలకుడు" అని పరీక్షలో వచ్చే సమ్‌లో ఆ 1.5 ఎందుకు కలపాలో గ్రౌండ్‌లో నిలబడ్డ పిల్లలు అంత తేలిగ్గా మరిచిపోరు.

ఒక్కో జట్టుకు ఒక్కో జవాబు వస్తుంది. అదీ పాఠమే. అదే 10 మీటర్ల దగ్గర 45°కు బదులు 46° అని చదివితే ఎత్తులో దాదాపు 36 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఎవరి చెయ్యి కదిలింది, ఎవరి టేపు వంగింది అని వాళ్లే వెతుక్కుంటారు.

ఊహ, చేత, రాత

ఈ మూడింటిలోనూ వరుస ఒకటే. ముందు పిల్లలు జవాబు ఊహించాలి. తర్వాత చేసి చూడాలి. చివరి పది నిమిషాల్లో ఏం తేలిందో, ఎందుకో సొంత మాటల్లో రాయాలి. మొదటిది లేకపోతే ఆశ్చర్యం ఉండదు, చివరిది లేకపోతే అది ఆటగానే మిగిలిపోతుంది. యాక్టివిటీ మంచిదా కాదా అని మీరు చూడాల్సిన కొలత కూడా ఇదే.

మరి మార్కుల సంగతి? సీబీఎస్‌ఈ పదో తరగతిలో 100 మార్కులకు 80 బోర్డు పరీక్షవి, 20 ఇంటర్నల్ మార్కులు. ఆ 20లో 5 సబ్జెక్ట్ ఎన్‌రిచ్‌మెంట్‌కు, అంటే ల్యాబ్ యాక్టివిటీల వంటి వాటికి. అంతకంటే ముఖ్యమైనది కేస్ స్టడీ ప్రశ్నలు. ఒక సన్నివేశం ఇచ్చి, అందులోని లెక్కను పిల్లలే గుర్తుపట్టాలంటారు. ఫార్ములా మాత్రమే తెలిసినవాళ్లు ఆగిపోయేది అక్కడే.

అలాగని ప్రాక్టీస్ అక్కర్లేదని కాదు. క్వాడ్రాటిక్ ఈక్వేషన్ల వంటి పాఠాల్లో చెయ్యి తిరగాలంటే సమ్స్ చేయాల్సిందే. ప్రతి పాఠానికీ యాక్టివిటీ అవసరం లేదు. పిల్లలు మళ్లీ మళ్లీ ఒకేచోట పొరబడుతున్న పాఠానికి తప్పక కావాలి.

ఇంట్లో మీరు చేయగలిగినవి

• "ఈరోజు ఎన్ని సమ్స్ చేశారు?" అని అడిగాక ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: "ముందు నువ్వేం అనుకున్నావు? చివరికి ఏం తేలింది?" జవాబు చెప్పగలిగితే పాఠం అర్థమైనట్టే.

• సెలవు రోజున నాలుగు గవ్వలు గానీ రెండు పాచికలు గానీ ఇచ్చి, వందసార్లు వేసి పట్టిక రాయమనండి. అమ్మమ్మ, తాతయ్య పక్కనుంటే ఆట ఇంకా రక్తి కడుతుంది.

• మీ అపార్ట్‌మెంట్ ఎత్తు కొలవమనండి. కింద నేల మీద నుంచే కొలవాలి, టెర్రస్ అంచుకు వెళ్లనివ్వకండి. సూర్యుడి వైపు స్ట్రాలోంచి చూడొద్దని కూడా చెప్పండి.

• "నాకూ చిన్నప్పుడు లెక్కలు వచ్చేవి కావు" అన్న మాట పిల్లల ముందు అనకండి. ఓదార్పుగా అన్నా, లెక్కలు రాకపోవడం మన ఇంట్లో మామూలే అని వాళ్లు అర్థం చేసుకుంటారు. ఎనిమిదో తరగతిలో "నాకు మ్యాథ్స్ రాదు" అని నిర్ణయించుకున్న పిల్లల చేత పదో తరగతిలో ఆ మాట మార్పించడం చాలా కష్టం.

ఈసారి నోట్స్‌లో అతికించిన కాగితం ముక్కలు కనిపిస్తే పేజీ తిప్పేయకండి. వాటి కింద మీ అబ్బాయి, అమ్మాయి రాసిన రెండు వాక్యాలు చదవండి. ఆ వాక్యాలు లేకపోతే మమ్మల్ని తప్పకుండా అడగండి.

– గణితం టీచర్, హైస్కూల్ విభాగం