శ్రవణధర్మము

మితభాషణము సద్గుణమని యెల్లవారును ఒప్పుకొందురు. కాని మాట తగ్గించినంత మాత్రమున వినుట యలవడునా యని విచారించువారు అరుదు. క్రైస్తవుల నూతన నిబంధనలోని యాకోబు పత్రికయందు, భక్తుడైనవాడు ఆలకించుటకు ముందుండి, పలుకుటకును కోపించుటకును వెనుకాడవలెనను బోధ మొదటి యధ్యాయముననే కలదు. విన్నదానిని ఆచరింపనివాడు తన్ను తానే మోసగించుకొనుననియు ఆ యధ్యాయమే హెచ్చరించుచున్నది. ఈ రెండు బోధలును విడదీయరానివని చూపుటకు మేము క్వేకరుల చరిత్రమును ఉదాహరింతుము.

ఈ మతశాఖ 17వ శతాబ్దమున ఇంగ్లండునందు జార్జి ఫాక్సు మొదలగువారి యుపదేశమువలన పుట్టినది. వీరి తొలినాటి యారాధనయందు నియమింపబడిన పురోహితుడుగాని, ముందుగా సిద్ధపఱచిన ప్రసంగముగాని లేదు. స్త్రీపురుషు లందఱును మౌనముగా కూర్చుండి, అంతరంగమున దైవప్రేరణకై కనిపెట్టుకొనియుండెడివారు. ప్రేరణ కలిగినవారు లేచి కొలది మాటలు పలికెడివారు; కలుగనిచో మౌనముతోనే సభ ముగిసెడిది. వినుట నేర్చుకొనుటకు ఇంతకంటె తగిన పాఠశాల లేదని మనకు తోచును.

అయినను 1688లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌనునుండి నలుగురు మనుష్యులు బానిసత్వమును ఖండించుచు ఒక విన్నపము వ్రాసి పంపగా జరిగినదేమి? మాసిక సభ దానిని త్రైమాసిక సభకు పంపెను. అది వార్షిక సభకు పంపెను. వార్షిక సభ తీర్పు చెప్పక దానిని ప్రక్కకు పెట్టెను. ఆ సమాజమున బానిసల నుంచుకొన్నవారు పలువురుండిరి. మౌనమునకు అలవాటుపడిన సభయే తనకు కష్టము తెచ్చు మాటను వినలేకపోయెను. నోరు మూయుట వేఱు, చెవి యొగ్గుట వేఱు.

ఈ భేదమును తన జీవితమున చూపినవాడు న్యూజెర్సీ నివాసియైన జాన్ వుల్మను (1720–1772). యౌవనమున నొకనాడు సభలో లేచి, తనకు కలిగిన ప్రేరణకు మించి మాటలాడితినని యతడు కొన్ని వారములు పరితపించెను. అటుపిమ్మట పలుకుటకు ముందు వేచియుండుట నేర్చుకొనెను. యజమాని యొక బానిసస్త్రీని అమ్మి విక్రయపత్రము వ్రాయుమనగా వ్రాసెను గాని, ఇది క్రైస్తవధర్మమునకు విరుద్ధమని యజమానికిని కొన్నవానికిని చెప్పెను. తరువాత మఱియొకడు అట్టి పత్రము కోరగా వ్రాయ నిరాకరించెను. ప్రయాణములలో బానిసలు తనకు చేసిన పరిచర్యకు మూల్యమిచ్చెడివాడు. అనగా, మాటలాడ హక్కులేనివారి మొఱ నతడు వినెను. వినుటచే తనకు కలిగిన నష్టమును భరించెను.

1758లో ఫిలడెల్ఫియా వార్షిక సభయందు బానిసత్వమును బాహాటముగా సమర్థించినవారు లేరు. కాని ఓర్పుతో వేచియున్నచో ఈశ్వరుడే మార్గము చూపునని కొందఱు పలికిరి. వుల్మను వారి మాటలు విని, లేచి, ఇక జాగు చేయుట దోషమని చెప్పెను. సభ బానిసల యజమానుల యిండ్లకు పోయి బోధించుటకు కొందఱిని నియమించెను, వారిలో నతడొకడు. 1776లో బానిసల నుంచుకొన్నవారిని సమాజమునుండి తొలగింప నిశ్చయమైనది. జర్మన్‌టౌను విన్నపమును నిజముగా వినుటకు 88 సంవత్సరములు పట్టెను.

విద్యావంతులమగు మనకు సభలయందు మాటలాడుట సులభము. మౌనముగ నుండి గౌరవము పొందుటయు కష్టము కాదు. చదువరులు తమ్ముతాము పరీక్షించుకొనుటకు మేము రెండు ప్రశ్నలు విన్నవించుచున్నాము. మనము వినుచున్నది మనతో సమానులైనవారి మాటలనేనా, లేక మన యెదుట నోరు విప్ప జంకువారి మాటలను కూడనా? విన్న పిమ్మట మన వ్యయములో, మన సేవకులతోడి వ్యవహారములో, మన సంతకములో నేమైన మాఱినదా? మాఱనిచో మనము ఊరకుంటిమే గాని వినలేదు.